డబ్బా కింద కోయిల

ఇంజనీరుగారిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తాగడు, అరవడు, జీతం దాచుకోడు. తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు గానీ దానికి ఉరిశిక్ష వేయలేం కదా. ఉన్నదల్లా ఒకే ఒక్క జబ్బు: ఆయన ఎప్పుడూ తప్పు చేయడు. పెళ్ళయి ఇన్నేళ్ళలో మాటవరసకైనా ఒక్కటి చేయలేదు. మేకు వంకరగా దిగితే గోడలో ఇసుక ఎక్కువైందన్నాడు. బస్సులో గొడుగు మర్చిపోతే, వాన దారి మధ్యలో ఆగిపోవడం వల్లేనన్నాడు. పెళ్ళిరోజు మర్చిపోయిన ఏడాది తప్పంతా లీపు సంవత్సరం మీదికి పోయింది. వంతెనలు కట్టే మనిషి. వంతెన ఒరిగితే నదిని అనాలి తప్ప వంతెనను అనకూడదని ఆయన కాలేజీలో నేర్పి ఉంటారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించే మనుషుల్ని ఆయన భార్య చాలామందిని చూసింది. నాలుగో కాలు కుందేలు తయారీలో లోపమని నిరూపించే మనిషిని మాత్రం ఏరికోరి కట్టుకుంది.

ఇదంతా ఆమె అత్తగారి గదిలో దుమ్ము దులుపుతూ మనసులో అనుకుంటోంది. దులపడమంటే గుడ్డతో కాదు. పెయింటు వేసే మెత్తటి కుంచెతో, చంటిపిల్ల ముఖం తుడిచినట్టు తుడవాలి. ఇంజనీరుగారి ఆజ్ఞ. నడుమెత్తు ఇనప అల్మారా మీద, అట్టముక్క పరిచి, దాని మీద పేకముక్కంత బుల్లి కంప్యూటర్ పెట్టాడాయన. దానికి తెర లేదు, మీటలు లేవు. ఒక ఎర్ర దీపం, ఒక ఆకుపచ్చ దీపం, గోడలోకి ఒక తీగ, మంచం వైపు ఇంకో తీగ. పక్కన అత్తగారి కుట్టుసామాను దాచుకునే పాత బిస్కెట్ల డబ్బా. డబ్బా మూత తీసి చూస్తే దారాలు, బొత్తాలు, సూదులు కలగాపులగంగా పడి ఉన్నాయి. అత్తగారు దారాల్ని రంగులవారీగా పేర్చుకునే మనిషి. పెద్దతనం కాబోలు అనుకుని ఆమె మూత పెట్టేసింది.

నిరుడు అత్తగారు స్నానాలగది గుమ్మంలో జారిపడ్డారు. ఎముకలన్నీ బాగానే ఉన్నాయి, విరిగింది కొడుకు ధైర్యం. కొన్నాళ్ళు ఆయనకు నిద్ర లేదు. ఆ తర్వాత ఒక ఆదివారం పూట కూర్చుని ఈ ఏర్పాటు చేశాడు. మంచం పక్కన ఒక చాప. అత్తగారు దాని మీద కాళ్ళు పెట్టగానే బుల్లి కంప్యూటర్‌కి తెలుస్తుంది. అది ఇంట్లో వైఫై పట్టుకుని కోడలి ఫోనుకి కబురు పంపుతుంది. ఫోన్లో కోయిల కూస్తుంది. కోడలు పరిగెత్తుతుంది. తల్లి మీద ప్రేమని ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పుకుంటారు, ఈయన తీగలతో అల్లాడు. మొదటిసారి కోయిల కూసినప్పుడు ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి ఆమె కూడా కొంగుతో కళ్ళొత్తుకుంది. అది అబద్ధం కాదు.

కానీ కోయిల ఆ ఒక్కసారితో ఊరుకోలేదు.

ఈ ఇంట్లో వీధితలుపుకి గంట ఉంది, కుక్కరుకి ఈల ఉంది, బట్టల మెషీనుకి పాట ఉంది. ఇవన్నీ ఇంటిల్లిపాదికీ వినిపిస్తాయి, లేచేది మాత్రం ఆమె ఒక్కతే. ఇప్పుడు చాపకి కూడా నోరొచ్చింది. చేతులు సబ్బునీళ్ళలో ఉన్నప్పుడు కూసింది, పొయ్యి మీద పాలు పొంగుతున్నప్పుడు కూసింది. తలంటుకుంటూ నురగలో కళ్ళు మూసుకున్నప్పుడు కూస్తే, తువ్వాలు చుట్టుకుని, కళ్ళు మండుతూ, నేలంతా నీటి అడుగులు వేస్తూ వెళ్ళింది. అత్తగారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు.

"ఎందుకు లేచారు అత్తయ్యా? కిటికీ నేను తీసేదాన్నిగా."

"తీయడానికి కాదమ్మాయ్, చూడ్డానికి."

"చెబితే కుర్చీ వేసేదాన్నిగా."

"కుర్చీలోంచి రోడ్డు కనపడదు. ఆకాశమే కనపడుతుంది. ఆకాశంలో ఏముందీ, మనుషులు లేనిది?" అని ఆవిడ కోడలి తలమీది నురగ వంక చూసి, వెళ్ళి మంచం మీద కూర్చున్నారు. పిల్లలు అల్లరి మానేసి కూర్చున్నట్టు కూర్చున్నారు. తిరిగి స్నానాలగదికి వెళ్తుంటే ఆమెకు తన గొంతు చెవిలో గింగురుమంది. ఎందుకు లేచారు. ఎక్కడికి. ఎందుకు. అది తన మాట కాదు, తన గొంతులో మాత్రం ఉంది. జైలు ఆయన కట్టాడు, తాళాలగుత్తి తన నడుముకి వేలాడుతోంది. ఆ ఆలోచన నచ్చక నెత్తిమీద ఇంకో చెంబు నీళ్ళు పోసుకుంది.

తర్వాత కొద్దిరోజులకే ల్యాబ్ మేడమ్ ఫోన్ చేసింది. డిగ్రీలో భౌతికశాస్త్రం క్లాసులో ఇద్దరూ ఒకే బల్ల. ఇప్పుడావిడ వెనక వీధి కాలేజీలో ల్యాబ్ చూసుకుంటోంది. "వారానికి మూడు మధ్యాహ్నాలు పిల్లలతో ప్రయోగాలు చేయించాలే. నువ్వు రేడియోని ఇనప డబ్బాతో బోర్లించి పాట ఆపేసి, మేస్టారికి మంత్రం వేసినట్టు చూపించావు, గుర్తుందా? అలాంటి పిచ్చి ఉన్నవాళ్ళే కావాలి. ఈ నెలాఖరు శనివారం సాయంత్రంలోగా చెప్పు, లేకపోతే ఇంకొకరిని పెట్టేస్తారు."

ఫోన్ పెట్టేశాక ఆమె వంటగదిలో ఏమీ చేయకుండా నిలబడింది. ఇన్నేళ్ళూ ఆమె భౌతికశాస్త్రం గాజుగ్లాసులో వేడి కాఫీ పోసే ముందు చెంచా వేయడానికే పనికొచ్చింది. తనకి ఒక పిచ్చి ఉండేదని, అది మనుషులకు గుర్తుండిపోయేంత పిచ్చి అని, ఇంకొకరు చెబితే గానీ గుర్తురాలేదు. మూడు మధ్యాహ్నాలు. ఆమె ఆ మాటని రెండుసార్లు పైకే అనుకుంది, నాలుక మీద చక్కెరపలుకు పెట్టుకున్నట్టు.

ఇంజనీరుగారు వద్దనలేదు. ఎగిరి గంతేశాడు. "వెళ్ళవోయ్! తప్పకుండా వెళ్ళాలి! నీ తెలివి వంటింట్లో మగ్గిపోతోందని నేను ఎప్పుడూ అనుకుంటూనే ఉంటాను." అనుకున్న సంగతి ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా భద్రంగా దాచాడన్నమాట. "కాకపోతే ఒక్కటి. మధ్యాహ్నాలు కోయిల తెగ డిస్కనెక్ట్ అవుతోంది, చూస్తున్నావుగా. ఒక్క వారం ఆగకుండా పనిచేయనీ. అప్పుడు నువ్వు కాలేజీలో ఉన్నా నీ ఫోన్లో కూస్తుంది, వెనక వీధేగా, ఒక్క పరుగులో వచ్చేస్తావు. అమ్మకి మాత్రం ఇప్పుడే చెప్పకు. బెంగపెట్టుకుంటుంది."

అంత ప్రేమగా చెప్పిన మాటలో ఎక్కడో ముల్లుంది, ఎక్కడుందో చేతికి దొరకలేదు. సరేనంది.

ఆ వారం మాత్రం రాదే! రోజూ మధ్యాహ్నం, భోజనాలయి ఆమె నడుం వాల్చిన కాసేపటికి, బుల్లి కంప్యూటర్ వైఫై వదిలేసేది. దానితో పలకరింపు తెగగానే ఆఫీసులో ఇంజనీరుగారి ఫోనుకి కబురు వెళ్తుంది. ఆయన ఆమెకు ఫోన్ చేస్తాడు.

"మళ్ళీ పోయింది! ఏం చేశావు?"

"పడుకున్నానండీ."

"అది కాదు, దాని దగ్గర ఏమైనా కదిపావా? తడిగుడ్డ పెట్టావా? సరే, ముందు రూటరు దగ్గరికి వెళ్ళు."

ఎప్పుడూ ముందు రూటరు దగ్గరికే. ముందుగదిలోకి వెళ్ళి, దాని దీపాలన్నీ లెక్క ఒప్పజెప్పి, అప్పుడు అత్తగారి గదికి వెళ్ళేసరికి బుల్లి కంప్యూటర్ ఏ పాపం ఎరగనట్టు ఆకుపచ్చగా కన్ను గీటుతూ ఉండేది. అత్తగారు కళ్ళు మూసుకుని, రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని పడుకుని ఉండేవారు. "చూశావా, నేను చెప్పగానే వచ్చేసింది," అని ఆయన ఫోన్ పెట్టేసేవాడు.

సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా అయినా మార్చుకోకుండా దాని ముందు కూర్చునేవాడు. మొదటి రోజు తప్పు చార్జరుది. బలం లేని చార్జరు పెడితే దానికి నీరసం వచ్చి ముందు వైఫైని వదిలేస్తుందట. బలమైనది తెచ్చాడు. పోయింది. తర్వాత పక్కింటివాళ్ళది తప్పయింది. వాళ్ళ రూటరూ మన రూటరూ ఒకే దారిలో నడిచి గుద్దుకుంటున్నాయని మన దారి మార్చాడు. పోయింది. ఆపైన, పని లేనప్పుడు వైఫై కరెంటు పొదుపు కోసం కునుకు తీస్తుందని కనిపెట్టి, ఇకమీదట ఎంతమాత్రం కునుకు తీయకూడదని దానికి ఆజ్ఞ రాసిపెట్టాడు. ఈ ఇంట్లో మధ్యాహ్నం కునుకు మీద నిషేధం కొత్త కాదులే అనుకుంది ఆమె. ఆజ్ఞ అందుకుని కూడా అది పోయింది.

అప్పుడు తప్పు ఓవెన్‌ది అయింది.

"నువ్వు ఒంటిగంటన్నరకి అన్నం వేడిచేసుకుంటావు కదూ? అదీ సంగతి! ఓవెన్ తరంగాలూ వైఫై తరంగాలూ ఒకే రకం. నువ్వు కూర వేడిచేస్తే అక్కడ సిగ్నల్ చస్తోంది. కొన్నాళ్ళు మధ్యాహ్నం ఓవెన్ పెట్టకు."

ఆ తరంగాల సంగతి అబద్ధం కాదు, ఆయనకంటే ముందు ఆమె చదువుకుంది. కానీ ఓవెన్ ఆగిన చాలాసేపటికి సిగ్నల్ పోతోంది. చచ్చినవాడు హంతకుడు వెళ్ళిపోయాక తీరిగ్గా చావడు కదా. ఆ మాటే చెప్పింది. "ఒకసారి ప్రయత్నిద్దాం, నీకేం నష్టం?" అన్నాడాయన. నష్టమేమిటంటే, పొద్దున అందరికీ వేడివేడిగా వడ్డించి, ఆయన డబ్బా సర్ది, అత్తగారికి పెట్టి, అంట్లు తోమి, చివరికి తనవంతు వచ్చేసరికి గిన్నెలో ఉన్నది చల్లగా, బిగుసుకుపోయి ఉంటుంది. ఆ వారమంతా ఆమె చల్లన్నం తింది. కోయిల రోజూ పోయింది. ఓవెన్ నిర్దోషి అని మాత్రం ఎవరూ తీర్పు చెప్పలేదు. తనే ఒకరోజు చడీచప్పుడు లేకుండా మళ్ళీ వేడిచేసుకోవడం మొదలుపెట్టింది. ఆడలేక మద్దెల ఓడన్నారని వింది గానీ, మద్దెల కోసం మనిషికి చల్లన్నం పెట్టడం ఈ ఇంట్లోనే చూసింది.

అంతలో వాన పట్టుకుంది. మూడు రోజులు వదలకుండా కురిసింది. ఆ మూడు రోజులూ కోయిల ఒక్కసారి కూడా పోలేదు. ఇంజనీరుగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "వేడి! అసలు దొంగ వేడి! వాన పట్టే ముందురోజే చిన్న ఫ్యాన్ బిగించాను కదా, దెబ్బకి దారికొచ్చింది." ఆమె కూడా ఆశపడింది. ఇస్త్రీపెట్టె తీసి రెండు మంచి కాటన్ చీరలు ఇస్త్రీ చేసి, హేంగరుకి తగిలించింది. నాలుగో రోజు ఎండ కాసింది. మధ్యాహ్నం కోయిల పోయింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

"ఏనుగు చెవులంత యాంటెన్నా తెస్తాను రేపు, ఇది ఎలా రాదో చూస్తాను," అన్నాడాయన, దానితో పంతం పట్టిన వాడిలా. రేపే ఆ నెలాఖరు శనివారం. ఆయన మాటల్లో శనివారం ప్రసక్తి ఎక్కడా లేదు. మర్చిపోలేదు పాపం, యాంటెన్నా వస్తే వారం మొదలవుతుందనీ, వారం మొదలైతే కాలేజీ ఆగుతుందనీ ఆయన నమ్మకం. ప్రపంచమంతా ఆయన వంతెన పూర్తయ్యేదాకా ఒడ్డున నిలబడే ఉంటుంది.

శనివారం పొద్దున బాల్కనీలో బట్టలు ఆరవేస్తూ ఆమె ఆలోచించింది. వానలో తేమ. తేమ ఉంటే సిగ్నల్ తగ్గాలి గానీ పెరగకూడదు. వేడి కాదు, ఫ్యాన్ ఉంది. మరి వాన రోజున లేనిదేమిటి, ఎండ రోజున ఉన్నదేమిటి? క్లిప్పు నోట్లో పెట్టుకుని తువ్వాలు దులిపిన ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. వాన రోజున ఆరిన బట్టలుండవు. ఇంజనీరుగారికి ఇది వెయ్యేళ్ళు తపస్సు చేసినా తట్టదు. ఆయన దృష్టిలో బట్టలు అల్మారాలోనే మొలుస్తాయి.

ఎండ రోజున ఆమె మధ్యాహ్నం భోజనానికి ముందు బట్టలు తీసి, అత్తగారి గది బయట కుర్చీలో గుట్ట పోస్తుంది. సాయంత్రం మడతపెడుతుంది. ఈమధ్య ఆ పని చిటికెలో అయిపోతుంటే తన చేతులకు వేగం వచ్చిందని తనే మురిసిపోయింది కూడా. వెళ్ళి తువ్వాళ్ళ అర తీసి చూసింది. పైన ఉన్నవన్నీ తన మడత, సగానికి సగం. మధ్యలో మాత్రం కొన్ని, మూడు మడతలుగా, అంచులు లోపలికి దాచి, పుస్తకంలా. అలా మడిచే చెయ్యి ఈ ఇంట్లో ఒక్కటే ఉంది. జారిపడక ముందు బట్టలు మడవడం అత్తగారి పని.

ఆ మధ్యాహ్నం ఆమె ఫోను నోరు నొక్కేసి, నడుం వాల్చినట్టు తలుపు చప్పుడు చేసి, గుమ్మంలో ఓ పక్కకి జరిపిన తెర వెనక నిలబడింది.

లోపల అత్తగారు మంచం మీద లేచి కూర్చున్నారు. కాళ్ళు చాప మీద పెట్టలేదు. మంచం పట్టె మీంచి చెయ్యి చాపి, అల్మారా మీది బిస్కెట్ల డబ్బా అందుకున్నారు. దారాలూ బొత్తాలూ దుప్పటి మీద ఒంపుకున్నారు. ఖాళీ డబ్బాని, ఎవరో నిద్రపోతున్న పిల్లాడికి దుప్పటి కప్పినట్టు జాగ్రత్తగా, బుల్లి కంప్యూటర్ మీద బోర్లించారు. అప్పుడు గుండెలనిండా ఊపిరి తీసుకుని, రెండు పాదాలూ చాప మీద పెట్టి లేచారు. గోడ పట్టుకుని, తొందర లేకుండా, కిటికీ దాకా వెళ్ళి కాసేపు రోడ్డు చూశారు. తర్వాత బయటికొచ్చి కుర్చీలోని గుట్ట అడుగునుంచి ఒక తువ్వాలు లాగి మడవబోయి, తెర కింద కోడలి పాదాలు చూశారు.

"పట్టీలు తీసేసి నిలబడాల్సింది అమ్మాయ్," అన్నారు. "దొంగని పట్టుకునేవాళ్ళు గజ్జెలు కట్టుకుంటారా?"

ఆమెకు నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. రేడియో, ఇనప డబ్బా, ఆగిపోయిన పాట. మేస్టారి ముందు తను వేసిన మంత్రమే! కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, ఇక్కడ ఎలుక అత్తగారు.

"ఇది మీకెవరు నేర్పారు అత్తయ్యా?"

"ఇంకెవరు, మీ ఆయనే. మొదట్లో దాన్ని మెరిసే రేకుపెట్టెలో పెట్టి తెచ్చాడు కదా, అది ఉలకదు పలకదు. అప్పుడు నాకు చెవుడేమో అన్నట్టు అరిచి మరీ చెప్పాడు: 'అమ్మా, ఇనప డబ్బాలో పెడితే సిగ్నల్ చచ్చిపోతుంది! ప్లగ్గు మాత్రం ఎప్పుడూ పీకకు, లోపల కార్డు పాడవుతుంది!' నేనేం పీకలేదు. వాడు వద్దన్న పని నేనెప్పుడూ చేయలేదు."

"అడిగితే నేనే ఆపేసేదాన్నిగా."

"నిన్ను ఇరకాటంలో పెట్టడమెందుకు? ముందు ఓర్చుకున్నాను. ఆరోజు నువ్వు నెత్తిన నురగతో పరిగెత్తుకొచ్చావు చూడు, అప్పుడు మనసు విరిగిపోయింది. నేను కిటికీ చూస్తే నీకు కళ్ళు మండాలా? మా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో వెనకాల ఒక సూపర్వైజరు నిలబడేది. బాత్రూంకి వెళ్ళాలన్నా చెయ్యెత్తాలి. రిటైరైన రోజు అనుకున్నాను, ఇక ఈ జన్మకి చెయ్యెత్తక్కర్లేదని. నా కొడుకు బంగారం, సూపర్వైజర్ని తెచ్చి నా కాళ్ళకింద పరిచాడు." తువ్వాలు మూడు మడతలు వేసి, అంచు లోపలికి తోశారు. "వాన రోజుల్లో రోడ్డు మీద మనుషులూ లేరు, మడవడానికి గుడ్డలూ లేవు, ఆ డబ్బా జోలికే పోలేదు. మిగతా రోజుల్లో నేనెటూ లేచి తిరుగుతున్నాను, ఊరికే తిరగడమెందుకని నాలుగు గుడ్డలు మడిచాను. కాస్సేపు నువ్వూ పడుకుంటావు కదా అని. తప్పా?"

ఒక మనిషి దొంగతనంగా స్వేచ్ఛ తెచ్చుకుని, అందులో సగం తనకి పెట్టింది. ఆ సగమే తన మూడు మధ్యాహ్నాల్నీ మింగేస్తోంది. చెప్పకూడదనుకుంది. చెప్పేసింది. ల్యాబ్ సంగతి, ఒక్క వారం షరతు, ఈ సాయంత్రంతో గడువు, అన్నీ.

అత్తగారు మడత ఆపేశారు.

"నాకు బెంగ అని చెప్పొద్దన్నాడా వాడు?"

"మీ మీద ప్రేమతోనే అత్తయ్యా."

"ప్రేమే. కాదని ఎవరన్నారు? మా అత్తగారిదీ ప్రేమే. ఎక్స్ఛేంజీ నుంచి కాగితం వచ్చినప్పుడు మీ ఆయన పాలుతాగే పిల్లాడు. 'పిల్లాడికి వారం రోజులు జ్వరం రాకుండా ఉండనీ, అప్పుడు వెళ్ళు' అంది మా అత్తగారు. జ్వరం రాని వారం పిల్లలున్న ఇంట్లో ఉంటుందా తల్లీ? ఒక వారం దగ్గు, ఒక వారం పళ్ళు. నేను ఆ వారం కోసం చూడలేదు. తడిగుడ్డ నుదుటి మీద వేసి, పిల్లాణ్ణి ఆవిడ ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాను." మడిచిన తువ్వాలు కోడలి చేతిలో పెట్టారు. "వాడు బతికే ఉన్నాడు కదా. ఏనుగు చెవుల యాంటెన్నా కూడా తెస్తున్నాడు."

ఆమె ఫోన్ తీసింది. చేతిలో మడతపెట్టిన తువ్వాలు అలాగే ఉంది. ల్యాబ్ మేడమ్ ఎత్తగానే, "సోమవారం నుంచి వస్తున్నాను," అంది. వీలైతే అనలేదు, అడిగి చెబుతాననలేదు. అటునుంచి కేక వినపడింది. పెట్టేశాక చూసుకుంటే తువ్వాలు మడత చెక్కుచెదరలేదు.

నోరు నొక్కిన ఫోన్లో ఇంజనీరుగారి పిలుపులు అప్పటికే వరుసగా ఉన్నాయి. ఆయనే వచ్చేశాడు. చంకలో యాంటెన్నా అట్టపెట్టె, ముఖం నిండా చెమట. "పోయింది! ఫోన్ ఎత్తవేం? అమ్మ ఎలా ఉంది?" అంటూ గదిలోకి దూసుకొచ్చి, కిటికీ దగ్గర నిలబడి ఉన్న తల్లినీ, అల్మారా మీద బోర్లించిన డబ్బానీ, దుప్పటి మీది బొత్తాల్నీ చూసి, యాంటెన్నాతో సహా ఆగిపోయాడు.

"ఏంటిది?"

"నీ సిగ్నల్ సమస్య," అన్నారు అత్తగారు. "నేనే."

ఆయన డబ్బా ఎత్తాడు. ఆకుపచ్చ దీపం మిలమిలలాడింది. మళ్ళీ బోర్లించాడు, మళ్ళీ ఎత్తాడు. పాపం, ఆ క్షణంలో కూడా అది పనిచేసే తీరు చూసి కాస్త ముచ్చటపడినట్టే ఉంది. "అమ్మా! పడితే ఎవరికి తెలుస్తుంది? ఇలా అయితే కెమెరా పెట్టాల్సి వస్తుంది. అసలు ఈ వారం లెక్క కుదిరితేనే కదా తను ఉద్యోగానికి..."

"చెప్పేశానండీ," అంది ఆమె. "సోమవారం నుంచి."

"వారం పూర్తి కాలేదుగా?"

"కాలేదు. కాదు కూడా."

ఆయన ఏదో అనబోతుంటే అత్తగారు చెయ్యి ఎత్తారు. ఎక్స్ఛేంజీలో అడగడానికి ఎత్తిన చెయ్యి కాదది, ఆపడానికి ఎత్తింది. "ఒరేయ్, నాకు మెడలో వేసుకునే గంట ఒకటి చెయ్యి. నేను పిలిస్తే మోగాలి, నేను నడిస్తే కాదు. ఒట్టు, పడితే నొక్కుతాను, భయమేస్తే నొక్కుతాను. సరేనా? ఇప్పుడొకటి అడుగుతాను చెప్పు. ఆ కోయిల ఇన్నాళ్ళలో ఎప్పుడైనా నీ ఫోన్లో కూసిందా?"

"పోయినప్పుడల్లా నాకు మెసేజ్ వస్తుందమ్మా."

"పోయిన సంగతి కాదు. నేను లేచిన సంగతి."

"అది... రాదు."

"ఎందుకు రాదు?"

"నా ఫోను అందులో పెట్టలేదు."

"పెట్టడం కష్టమా?"

"కష్టమేముంది, ఒక్క లైను."

"మరి?"

"ఆఫీసులో మీటింగుల్లో ఉంటానమ్మా. మధ్యలో అది కూస్తే, చేతిలో పని వదిలేసి..." అని ఆయన ఆగిపోయాడు.

వాక్యం మధ్యలో మునిగిపోయే మొగుణ్ణి ఒడ్డుకు లాగడం ఆమెకు అలవాటే. పెళ్ళయినప్పటినుంచి చుట్టాల ముందు, స్నేహితుల ముందు ఆ పని చేస్తూనే ఉంది. ఈసారి ఒడ్డున నిలబడి చూసింది. ఆయన చూపు ఆమె ముఖం మీదికి రాలేదు. తడిసిన కొంగు మీద, అంట్లు తోమి చివికిన వేళ్ళ మీద, వాటి మధ్య ఉన్న మూడు మడతల తువ్వాలు మీద తిరిగి తిరిగి అక్కడే ఆగింది. యాంటెన్నా పెట్టెని మెల్లిగా కింద పెట్టాడు. చార్జరు, పక్కిల్లు, కునుకు, ఓవెన్, వేడి, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆయన కళ్ళల్లోంచి దిగి వెళ్ళిపోవడం ఆమెకు కనపడింది. ఇంక అనడానికి ఏదీ మిగల్లేదు.

"తప్పు నాదే," అన్నాడు, చొక్కా బొత్తానికి చెప్పుకున్నట్టు.

అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "ఏంట్రా? సరిగా వినపళ్ళేదు. సిగ్నల్ లేనట్టుంది."

"తప్పు నాదేనమ్మా!"

"నాకెందుకు చెబుతావు? అటు తిరుగు."

ఆయన తిరిగాడు. ఇన్నేళ్ళలో ఆమె చూడని ముఖం అది, కొత్తగా సున్నం వేసిన గోడలా ఉంది. ఆమెకు జాలేసింది, నవ్వొచ్చింది, రెండూ కాసేపు దాచుకుంది.

"గోడలో ఇసుక ఎక్కువైందేమో చూసుకోండి," అంది.

"లేదు. ఓవెనూ కాదు. నువ్వు వారమంతా చల్లన్నం తిన్నావు, అది ఓవెన్ కాదని నాకు రెండో రోజే తెలిసింది. చెప్పలేదు." గొంతు సవరించుకుని, పక్కింటికి కూడా వినపడేంత గట్టిగా అన్నాడు: "తప్పు నాదే."